పాత యాంపులో ఏముంది?

కాలిఫోర్నియాలోని మీసా బూగీ కంపెనీ 1985లో తయారీ ఆపేసిన ఒక గిటార్ యాంప్లిఫయర్‌ను 2024లో మళ్లీ అమ్మకానికి పెట్టింది. దాని పేరు మార్క్ టూ సీ ప్లస్. మెటాలికా బృందం 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఆల్బమ్‌కు వాడింది ఈ మోడలే. ఇంగ్లండులోని మార్షల్ కంపెనీ ఇంకా ముందే ఈ దారి పట్టింది. 1975లో పుట్టి, 1981 నుంచి జేసీఎం 800 పేరుతో ప్రపంచమంతా తిరిగిన 2203 మోడల్‌ను 2002లో తిరిగి తెచ్చింది. ఇలా పాత నమూనాను కంపెనీయే మళ్లీ తయారుచేసి అమ్మితే దాన్ని రీఇష్యూ అంటారు.

రాక్, మెటల్ వాయించేవాళ్లలో ఇక్కడే వాదం మొదలవుతుంది. అసలు రుచి పాతదానిలోనే ఉందనేవాళ్లు కొందరు. అంతా భ్రమ, కొత్తది కొనుక్కుని హాయిగా వాయించుకోమనేవాళ్లు కొందరు. పాత మార్క్ టూ సీ ప్లస్ చేతులు మారాలంటే వేల డాలర్లు కావాలి కాబట్టి ఇది ఉబుసుపోక వాదం కాదు. ఆ డబ్బుకు తగిన తేడా ధ్వనిలో ఉందా? ఉంటే ఎక్కడి నుంచి వస్తోంది? దీనికి సమాధానం కావాలంటే యాంపు మూత తీసి చూడాలి.

తల తెగిన తరంగం

బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన వాల్వులతో పనిచేసిన రేడియోలు మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. గిటారిస్టులు ట్యూబు అనేది ఆ వాల్వునే. గాలి తీసేసిన గాజు గొట్టంలో కాథోడ్ అనే లోహపు ముక్క ఉంటుంది. దాన్ని 700 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేస్తే ఎలక్ట్రాన్లు బయటికి ఉరుకుతాయి. కొన్ని వందల వోల్టులున్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. నడుమ గ్రిడ్ అనే సన్నటి తీగచుట్ట ఉంటుంది. 1906లో అమెరికన్ లీ డి ఫారెస్ట్ చేర్చిన భాగమిది. చెరువు తూముకు తలుపు ఎలాగో, ఈ ప్రవాహానికి గ్రిడ్ అలాగ. దాని మీద చిన్న వోల్టేజి కాస్త అటూ ఇటూ కదిలితే చాలు, ప్లేటు దగ్గర పెద్ద వోల్టేజి ఊగుతుంది.

గిటార్ యాంపుల్లో ఎక్కువగా కనిపించే చిన్న ట్యూబు 12ఏఎక్స్7. ఐరోపాలో దీన్నే ఈసీసీ83 అంటారు. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడులు, అంటే కాథోడ్, గ్రిడ్, ప్లేటు ఉన్న రెండు జట్లు, ఇమిడి ఉంటాయి. కాగితం మీద ఒక్కో దాని వర్ధన గుణకం 100 అయినా, సర్క్యూటులో కూర్చాక చేతికొచ్చేది సుమారు 50. గిటార్ పికప్ ఇచ్చే సంకేతం వోల్టులో పదోవంతు అనుకుందాం. ఒక దశ, అంటే ఒక ట్రయోడు, దాటితే 5 వోల్టులు, రెండో దశ దాటితే 250 వోల్టులు కావాలి. అయితే ఈ చిన్న ట్యూబుకు అందే సరఫరాయే కొన్ని వందల వోల్టులు. తరంగం పైకి కిందికి పూర్తిగా ఊగడానికి అందులో చోటు చాలదు. శిఖరం తెగిపోయి చదునవుతుంది. మనం డిస్టార్షన్ అనేది ఈ తెగడాన్నే.

నున్నటి తరంగాన్ని ఇలా కోస్తే కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. పైనా కిందా సమానంగా తెగితే మూలస్వరానికి 3, 5, 7 రెట్లుండే అనుస్వరాలు వస్తాయి. ఒకవైపు ఎక్కువ తెగితే 2, 4 రెట్లవి కూడా కలుస్తాయి. మార్షల్ 2203లో ఒక దశను కావాలనే ఇలా తయారుచేశారు. మామూలుగా ఒకటి నుంచి మూడు వేల ఓములుండే కాథోడ్ రెసిస్టర్ స్థానంలో 10,000 ఓములది పెట్టారు. దానితో ఆ ట్యూబులో ప్రవాహం బాగా తగ్గి, తరంగంలో ఒక సగం ముందుగానే తెగుతుంది. ఆ యాంపు గరగర చాలావరకు ఈ ఒక్క రెసిస్టర్ చలవే.

రెండు స్వరాలు కలిసి లోపలికి వెళ్తే కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. 110, 165 హెర్ట్జ్ స్వరాలను జతగా మీటితే, అంటే షడ్జమ పంచమాలను కలిపి పవర్ కార్డ్ వాయిస్తే, వాటి భేదమైన 55 హెర్ట్జ్, మొత్తమైన 275 హెర్ట్జ్ కూడా యాంపులో పుడతాయి. కింది షడ్జమం ఒకటి, పైన అంతర గాంధారానికి చేరువైన స్వరం ఒకటి, తీగ మీద ఎవరూ మీటకుండానే వినిపిస్తాయన్నమాట. అందుకే అంత గెయిన్ (వర్ధనం) ఉన్నా పవర్ కార్డ్ నిండుగా నిలబడుతుంది. అపస్వరం కాస్త కలిసినా అంతే నిక్కచ్చిగా బయటపడుతుంది.

1960ల మార్షళ్లలో ఈ డిస్టార్షన్ కావాలంటే వాల్యూమ్ పూర్తిగా పెంచాల్సిందే. 100 వాట్ల యాంపయితే గోడలు అదిరేవి. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ యాంపు ముందు భాగంలోనే అదనంగా ఒక దశ చేర్చి, దాని వెనక మాస్టర్ వాల్యూమ్ పెట్టాడు. తరంగం ముందే తెగుతుంది, శబ్దం ఎంత ఉండాలో తర్వాత తేల్చుకోవచ్చు. మీసా బూగీ అలా పుట్టింది. మార్షల్ 2203 కూడా మాస్టర్ వాల్యూమ్ మోడలే. హై గెయిన్ యాంపు స్వభావాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఈ ముందు భాగపు సర్క్యూటు. సర్క్యూటు పటాన్ని బట్టి అచ్చంగా మళ్లీ కట్టవచ్చు. మరి తేడాలు ఎక్కడివి?

గుణిస్తూ పోయే తేడా

మొదటి తేడా విడిభాగాల్లో ఉంది. ఆ రోజుల్లో రెసిస్టర్ మీద రాసిన విలువకు 10 శాతం అటూ ఇటూ ఉండటం సాధారణం. కెపాసిటర్లు, వాల్యూమ్ తిప్పే పొటెన్షియోమీటర్లు అయితే 20 శాతం దాకా తేడా ఉన్నా సరిపెట్టుకునేవారు. ఇప్పుడు 5 శాతం, 1 శాతం రెసిస్టర్లు చవకగా దొరుకుతున్నాయి.

ఒకటే దశ ఉన్న యాంపులో ఇది పెద్ద విషయం కాదు. హై గెయిన్ యాంపులో దశలు వరసగా ఉంటాయి కాబట్టి తేడాలు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. మూడు దశల్లోనూ వర్ధనం 10 శాతం ఎక్కువైందనుకుందాం. మొత్తం 33 శాతం పెరుగుతుంది. పక్క యాంపులో మూడూ 10 శాతం తగ్గాయనుకుంటే, ఈ రెండింటి మధ్య తేడా 5 డెసిబెళ్లు దాటుతుంది. ఒకే ఏడాది, ఒకే ఫ్యాక్టరీలో, ఒకే పటం ప్రకారం తయారైన రెండు యాంపులు చెవికి తెలిసేంత వేరుగా ఉండటానికి ఇది చాలు.

అందువల్ల పాత 2203 ధ్వని అంటూ ఒకటి లేదు. ఉన్నవి చాలా 2203లు. ప్రసిద్ధ రికార్డుల్లో మనం విన్నది వాటిలో ఏరుకున్న కొన్నింటిని. రీఇష్యూ ఆ మందలో నడిమి యాంపులా ఉంటుంది. నచ్చిన పాత యాంపు దొరికినవాడికి కొత్తది చప్పగా అనిపించవచ్చు. నచ్చనిది దొరికినవాడికి కొత్తదే మేలనిపించవచ్చు. ఇద్దరూ చెప్పేది నిజమే.

వయసు చేసే పని

రెండో తేడా కాలం తెచ్చేది. విద్యుత్ సరఫరాలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల తడి రసాయనం ఉంటుంది. పదిహేను ఇరవై ఏళ్లలో అది ఎండిపోతుంది. అప్పుడు యాంపు నుంచి హమ్ వస్తుంది, కింది స్వరాలు వదులవుతాయి. కొందరు ఆ వదులునే పాతకాలపు మెత్తదనం అని మెచ్చుకుంటారు. కార్బన్ కంపోజిషన్ రెసిస్టర్లు తేమ పీల్చుకుని, ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెంచుకుంటాయి, బుసబుసలాడతాయి. దశల నడుమ కెపాసిటర్ డీసీ వోల్టేజిని లీక్ చేస్తే తర్వాతి ట్యూబు గ్రిడ్ దగ్గర లెక్క తప్పి, స్పీకరును నడిపే పవర్ ట్యూబు ప్లేటు ఎర్రగా కాలుతుంది.

వీటిలో ఏదీ వయసుతో వచ్చిన గుణం కాదు, అరుగుదల. మంచి మెకానిక్ ఈ భాగాలు మార్చగానే యాంపు తన తొలినాటి ధ్వనికి దగ్గరవుతుంది. అంటే కొత్త రీఇష్యూకూ దగ్గరవుతుంది. పాతదాంట్లో చెడకుండా మిగిలేది, నకలు చేయడం కష్టమైనది పవర్ ట్యూబులను స్పీకరుకు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఇనుప రేకుల రకం, రాగి తీగ పొరలు పేర్చిన తీరు దాని ప్రతిస్పందనను మారుస్తాయి. రీఇష్యూ ఎంత నిజాయితీగా చేశారో చూడాలనుకుంటే మొదట అడగాల్సింది దీని గురించే.

చేత్తో కట్టారా, ఆ నాటి ట్యూబులేనా?

పాతవాటిని చేత్తో వైరింగు చేశారు, కొత్తవి ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులు, అందుకే ధ్వని వేరు అనే మాట తరచూ వినిపిస్తుంది. 1960ల మార్షళ్ల విషయంలో చేతి వైరింగు నిజమే. 2203 వచ్చేనాటికే మార్షల్ ప్రింటెడ్ బోర్డులకు మారిపోయింది. మీసా మార్క్ టూ సీ ప్లస్‌లోనూ ప్రింటెడ్ బోర్డే. హై గెయిన్ పాత యాంపుల మీద ఈ వాదన నిలవదు.

ట్యూబుల సంగతీ అంతే. బాగా వాడే యాంపులో పవర్ ట్యూబులు కొన్నేళ్లకు అరిగిపోతాయి. నలభై ఏళ్ల యాంపులో ఈ రోజు వెలిగేవి చాలావరకు ఈ శతాబ్దంలో తయారైనవే. ఇంగ్లండులో మల్లార్డ్, అమెరికాలో ఆర్‌సీఏ, జర్మనీలో టెలిఫుంకెన్ కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి. ఇప్పుడు గిటారిస్టులకు ట్యూబులు వచ్చేది ప్రధానంగా స్లొవేకియాలోని జేజే, రష్యాలో సరాతోవ్ నగరంలోని రిఫ్లెక్టర్, చైనా ఫ్యాక్టరీల నుంచే. 2022 మార్చిలో రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే ప్రపంచమంతా కొరత భయం పట్టుకుంది. పాత యాంపు, రీఇష్యూ రెండూ ఒకే ఫ్యాక్టరీ ట్యూబులతో నడుస్తున్నప్పుడు తేడాను ట్యూబులకు అంటగట్టలేం.

చెవిని నమ్మవచ్చా?

వినేది చెవి అయినా తీర్పు చెప్పేది మెదడు. దానికి ధర, పేరు, రంగు వెలిసిన వినైల్ తొడుగు అన్నీ ముందే తెలుసు. 2010లో ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం ఈ విషయాన్ని వయొలిన్లతో పరీక్షించింది. 21 మంది వాద్యకారులకు కళ్లకు నల్లటి గాగుల్స్ పెట్టి, మూడు కొత్త వయొలిన్లు, రెండు స్ట్రాడివేరియస్‌లు, ఒక గ్వార్నేరి ఇచ్చారు. ఎక్కువ మందికి నచ్చింది ఒక కొత్త వయొలిన్. అన్నిటికంటే తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివేరియస్. ఏది పాతదో చాలామంది పోల్చుకోలేకపోయారు. ఈ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి.

యాంపు పోలికలో మరో మోసం శబ్ద స్థాయిది. శబ్దం పెరిగితే చెవికి బాస్, ట్రెబుల్ రెండూ మరింత నిండుగా తెలుస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. రెండు యాంపుల్లో ఒకటి రెండు డెసిబెళ్లు ఎక్కువగా మోగేదే మంచిదనిపిస్తుంది. ఫోన్‌లోని సౌండ్ మీటరుతోనైనా రెండింటినీ సమం చేసి, ఏది మోగుతోందో కనబడకుండా స్నేహితుడి చేత మార్పించుకుని వింటేనే ఆ పోలికకు విలువ.

ఇంకో సంగతి. గిటార్ స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. తెగిన తరంగంలోని కరకు అనుస్వరాలు చెవి దాకా రాకుండా వడకట్టేది అదే. సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకరు తీసి అదే కంపెనీ వింటేజ్ 30 బిగిస్తే వచ్చే మార్పు, పాత కొత్త యాంపుల మధ్య మార్పు కంటే తరచు పెద్దదిగా ఉంటుంది. పాత యాంపును పాత క్యాబినెట్‌తో, కొత్తదాన్ని కొత్త క్యాబినెట్‌తో వినిపిస్తే మీరు పోలుస్తున్నది స్పీకర్లను.

కొనేముందు

అమెరికాలో కొన్న పాత యాంపును హైదరాబాదుకో విశాఖకో తెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది కానీ పౌనఃపున్యాన్ని మార్చదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చుట్టిన యాంపు ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో ఇక్కడ అయస్కాంత అభివాహం 20 శాతం పెరిగి అది వేడెక్కుతుంది. వెనక వోల్టేజి సెలెక్టర్ ఉందా, ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్‌కు తగినదేనా అని ముందే కనుక్కోవాలి. ఇంగ్లండు మార్కెట్‌కు చేసిన మార్షల్‌కు ఈ చిక్కు లేదు.

పాతది కొంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎప్పుడు మార్చారో, ట్రాన్స్‌ఫార్మర్లు అసలువేనో, సర్క్యూటులో ఎవరైనా చేయి పెట్టారో లేదో అడగండి. 1980లలో హై గెయిన్ మోజులో చాలా మార్షళ్లకు అదనపు దశలు, కొత్త స్విచ్చులు తగిలించారు. మూడు పిన్నుల ఎర్తు లేనిదాన్ని ముట్టుకోవద్దు. లోపల 450 వోల్టుల పైన డీసీ ఉంటుంది. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అలవాటు లేనివాళ్లు మూత తీయకూడదు.

వేదిక మీద వాయించేవాళ్లకు రీఇష్యూయే సరైన ఎంపిక. వారంటీ ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. కొత్త 2203లో, పాతదాంట్లో లేని, బయటి ఎఫెక్టులను కలుపుకునే ఎఫెక్ట్స్ లూప్ కూడా ఉంది. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెడితే ధ్వనికి ఇంకా మేలు. పాత యాంపు కొనడానికి సరైన కారణం ఒకటే: ఫలానా ఆ ఒక్క యాంపును మీ స్పీకర్ల మీద, సమమైన శబ్దంతో, చూడకుండా విని మీరే ఎంచుకోవడం. దాని బాగోగులు చూసే మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడో లేడో కూడా ముందే తెలుసుకోండి. తయారైన సంవత్సరాన్ని చూసి మాత్రం డబ్బు పెట్టకండి.