సముద్రపు దొంగలు దొరికారు, సెక్షనే దొరకలేదు: మీకు తెలుసా?

● సముద్రం మీద దోచుకున్న ప్రతివాడూ చట్టం లెక్కలో సముద్రపు దొంగ కాడు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం ప్రకారం ఒక ఓడవాళ్లు మరో ఓడ మీద పడాలి, అదీ సొంత ప్రయోజనం కోసం, ఏ దేశపు ప్రాదేశిక జలాలూ కాని చోట. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల జరిగితే అది ‘సాయుధ దోపిడీ’, ఆ తీరదేశం పోలీసులు చూసుకోవాల్సిన కేసు. రేవు బయట లంగరేసిన ఓడెక్కి తాళ్లూ విడిభాగాలూ పట్టుకుపోయే రాత్రి దొంగలు ఈ రెండో రకం.

● దొంగలు దొరికినా, వాళ్ల మీద పెట్టడానికి సరైన సెక్షన్ మన దగ్గర లేని రోజులున్నాయి. 1999 అక్టోబరులో జపాన్ యజమానుల ఓడ ‘అలోండ్రా రెయిన్‌బో’ ఇండోనేషియాలో దాదాపు 7 వేల టన్నుల అల్యూమినియం దిమ్మలు నింపుకుని బయల్దేరింది. దారిలోనే దొంగలు ఎక్కేశారు. సిబ్బంది 17 మందినీ లైఫ్‌రాఫ్ట్‌లోకి దింపి సముద్రంలో వదిలేశారు. సుమారు పది రోజులు కొట్టుకుపోయాక థాయ్ చేపల పడవ ఒకటి వాళ్లను కాపాడింది. ఈలోగా ఓడకు కొత్త రంగు, ‘మెగా రామా’ అని కొత్త పేరు, బెలీజ్ జెండా! నవంబరులో మన కోస్ట్‌గార్డ్ నౌక తారాబాయి, నేవీ నౌక ఐఎన్ఎస్ ప్రహార్ అరేబియా సముద్రంలో వెంటాడి పట్టుకున్నాయి. దొంగలు ఓడను ముంచేయబోయినా సాగలేదు. 2003లో ముంబయి సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2005లో బాంబే హైకోర్టు కొట్టేసింది. సముద్రపు దోపిడీ అనే నేరానికి మన శిక్షాస్మృతిలో విడిగా చోటే లేదు మరి. నడిసముద్రంలో అంత కష్టపడి పట్టుకున్నవాళ్లకు ఆ తీర్పు ఎలా అనిపించి ఉంటుందో!

● ఆ లోటు తీర్చిన మారిటైమ్ యాంటీ పైరసీ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది 2022 డిసెంబరులో. అంటే ఓడ దొరికిన 23 ఏళ్లకు. ప్రాణాలు తీసినా, తీయబోయినా మరణశిక్ష దాకా వెళ్లొచ్చు. పెద్ద పరీక్ష త్వరగానే వచ్చింది. 2024 మార్చిలో మన తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో ఐఎన్ఎస్ కోల్‌కతా, విమానంలోంచి పారాచూట్లతో దిగిన నేవీ మార్కోస్ కమాండోలు 40 గంటలు శ్రమించి ‘రుయెన్’ ఓడను విడిపించారు. లొంగిపోయిన 35 మంది సోమాలీ దొంగలను ముంబయి పోలీసులకు అప్పగించారు.

● దాడి చేసినవాళ్లు ప్రయాణికులుగా టికెట్ కొనుక్కుని ఎక్కితే? 1985లో ‘అకిల్లే లౌరో’ అనే ఇటలీ విహారనౌక విషయంలో అదే జరిగింది. రెండో ఓడ లేదు కాబట్టి పాత నిర్వచనం అతకలేదు. అందుకే 1988లో మరో అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది.

● దాడి జరిగినప్పుడు నావికుడు నొక్కే రహస్య మీటకు ఓడలో ఏ గంటా మోగదు, ఏ దీపమూ వెలగదు. కబురు నేరుగా ఒడ్డున ఉన్నవాళ్లకు వెళుతుంది. అమెరికా మీద 2001 దాడుల తర్వాత రాసుకున్న ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా నిబంధనలతో పాటు వచ్చిన ఏర్పాటిది. 2004 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధనలు రేవులకూ వర్తిస్తాయి: ప్రతి రేవుకూ ఒక భద్రతాధికారి, ముప్పును బట్టి మూడు స్థాయిల కాపలా.

● ఓడల చట్టం మన తీరానికి కొత్తేమీ కాదు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పాత రాజులు లాగేసుకునేవారని, ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ ముట్టబోమని కాకతీయ గణపతిదేవుడు 1244-45లో బాపట్ల జిల్లా మోటుపల్లిలో రాతి మీద చెక్కించాడు. అదే అభయ శాసనం. అప్పటి తగువు ఒడ్డుకొచ్చిన సరుకు ఎవరిదని. ఇప్పటి తగువు తలకిందులు: మునిగిన ఓడను ఎవరు తీయాలి, ఖర్చు ఎవరిది? 2025 మేలో కొచ్చి దగ్గర 640 కంటైనర్లతో ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ మునిగినప్పుడు కేరళ ఎదుర్కొన్నది ఈ ప్రశ్ననే.

● సరుకు రవాణా రసీదుల మీద మొన్నమొన్నటి దాకా మనకున్న చట్టం 1856 నాటిది. సిపాయిల తిరుగుబాటు కన్నా ఏడాది పెద్ద! 2025లో దానితో పాటు 1908 నాటి రేవుల చట్టాన్ని, 1925 నాటి సముద్ర రవాణా చట్టాన్ని, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని వరసపెట్టి మార్చారు. ఈ చివరిదాంట్లో 561 సెక్షన్లుండేవి, కొత్తదాంట్లో 325. గుజరాత్‌లోని అలంగ్‌కు ముక్కలు కావడానికి వెళ్లే ఓడకు కూడా తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే వీలుంది. ఆ ఒక్క ప్రయాణానికి కొమొరోస్, పలావు లాంటి చిన్న దేశాల జెండాలు చవగ్గా కొనుక్కోవడం ఓడల తుక్కు వ్యాపారంలో మామూలే.