నకిలీ వజ్రంలో జంటలు

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట కాసేపు నిలబడండి. వేడికి మెత్తబడ్డ లక్క మీద, అది గట్టిపడేలోగా, ఒక్కో రాయినీ ఎత్తి గుచ్చేస్తుంటారు. చెయ్యి ఎక్కడా ఆగదు. అవి వజ్రాలు కావని అమ్మే చాచాకీ తెలుసు, కొనే పిల్లకీ తెలుసు. మెరిస్తే చాలు!

గోల్కొండ వజ్రాల బేరాలు చూసిన ఊరు కదా మనది, అందుకే ఇవాళ ఒక నకిలీ వజ్రం సంగతి చెబుతా. పేరు స్ట్రాన్షియం టైటనేట్. 1950లలో అమెరికాలో మంటలో కరిగించి స్ఫటికంగా పెంచి, ‘ఫాబ్యులైట్’ అని నగల్లో పొదిగారు. వెలుతురును రంగులుగా చీల్చడంలో అసలు వజ్రానికి నాలుగింతలు. జిగేల్‌మంటుంది. కానీ మెత్తన, ఊరికే గీతలు పడతాయి. తర్వాత క్యూబిక్ జిర్కోనియా వచ్చి దాన్ని నగల కొట్లోంచి సాగనంపింది. నన్నడిగితే పోయిందేమీ లేదు, దాని అసలు జాతకం ప్రయోగశాలలో ఉంది.

ఇందులోంచి ఆక్సిజన్ కాస్త తీసేసి బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుందని 1964లోనే తేలింది. అదే అతివాహకత. 2004లో ఓటోమో, హ్వాంగ్ దీని మీద లాంథనం అల్యూమినేట్‌ను సన్నటి పొరగా పేర్చారు. విడివిడిగా రెండూ కరెంటును పోనివ్వనివే. అవి కలిసే సరిహద్దులో మాత్రం కరెంటు పారింది! 2007లో ఆ సరిహద్దే 0.2 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 273 డిగ్రీల చలిలో, అతివాహకమైంది.

అతివాహకతకు ఎలక్ట్రాన్లు జంటకట్టాలి. కానీ ఎలక్ట్రాన్‌కు ఎలక్ట్రాన్ అంటే పడదు, రెండూ రుణావేశాలే. అయినా మామూలు లోహాల్లో స్ఫటికం కంపనాలే వాటిని జంటలుగా కడతాయని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పారు.

“జంట కుదిరితే అతివాహకత వచ్చేసినట్టేనా తాతా?” అంటుంది మా మనవరాలు.

కాదు బిడ్డా. బార్కస్ పెళ్లి బరాత్‌కు జంటలు ముందే వస్తాయి, ఎవరి నడక వాళ్లదే. మర్ఫా వాద్యాలు మోగాకే అందరి అడుగూ ఒక్కటయ్యేది. ఆ ఒక్క అడుగే అతివాహకత.

లోహాల్లో జంట కుదరడం, అడుగు కలవడం రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి తేడా కనబడదు. స్ట్రాన్షియం టైటనేట్‌లో ఎలక్ట్రాన్లు బాగా తక్కువ. అలాంటిచోట జంటలు ముందే కుదరొచ్చని ఈగల్స్ అనే ఆయన 1969లోనే ఊహించాడు. 2015లో పిట్స్‌బర్గ్‌లో జెరెమీ లెవీ బృందం దాన్ని పట్టి చూపించింది. ముందు చెప్పిన ఆ సరిహద్దు మీదే సూదిమొనతో సన్నటి తీగ గీసి, మధ్యలో చిన్న దీవిలాంటి చోటు వదిలి, అందులోకి ఎలక్ట్రాన్లు ఎలా వస్తున్నాయో లెక్కపెట్టారు. రెండేసి వచ్చాయి! ఇక్కడ అతివాహకత సుమారు 0.3 కెల్విన్ దగ్గరే పోతుంది, జంటలు మాత్రం 0.9 దాకా విడిపోలేదు. అయస్కాంత క్షేత్రాన్ని కొన్ని టెస్లాలకు, అంటే ఆసుపత్రి ఎమ్మారై స్థాయికి, పెంచాక గానీ ఒక్కొక్కటిగా రావడం మొదలుకాలేదు.

స్ట్రాన్షియం టైటనేట్‌లో ఎలక్ట్రాన్లను జతకట్టే జిగురేమిటన్న దాని మీద పండితుల వాదం ఇంకా తెగలేదు. ఈలోగా 2021లో దీని చుట్టం పొటాషియం టాంటలేట్ రంగంలోకి దిగింది. దాని మీద వేరే పొర పేర్చిన సరిహద్దులో అతివాహకత 2 కెల్విన్ దాకా నిలుస్తుంది, పాతదానికి దాదాపు పదింతలు. అదీ స్ఫటికాన్ని ఏ ముఖంగా కోశారన్న దాన్ని బట్టే. ఒక కోతకు 2, ఇంకో కోతకు 0.9. ఇక ఘనాకార స్ఫటికం ముఖానికి సమాంతరంగా కోస్తే 0.025 కెల్విన్‌కు దించినా అతివాహకత కనబడలేదు.