యంత్రమా? ధాన్యమా?

రైతు తన పంటలో కొంత తినక విత్తనమునకు దాచును. తక్కువ దాచినచో మరుసటి యేడు పంట తగ్గును. ఎక్కువ దాచినచో ఇంటిల్లిపాదియు ఈ యేడే పస్తుండవలెను. ఈ చిక్కే దేశములకును కలదు. బీద దేశము దీనినెట్లు దాటవలెనని విచారించు శాస్త్రమునకు అభివృద్ధి అర్థశాస్త్రమని పేరు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, ఆసియా, ఆఫ్రికా దేశములు స్వతంత్రములగుచున్న కాలమున ఇది ప్రత్యేక శాఖగా రూపొందెను.

భారతదేశమున ఈ శాస్త్రము గ్రంథములతో ఆగక ప్రభుత్వ ప్రణాళికలలో ప్రవేశించెను. 1950లో ప్రణాళికా సంఘము ఏర్పడెను. రెండవ పంచవర్ష ప్రణాళికకు (1956-61) ముసాయిదా సిద్ధపరచినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రము చదివి, కలకత్తాలో గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన ఈ పండితుడు దేశ భవిష్యత్తును సమీకరణములలో పెట్టి చూచెను. వస్త్రము కొనుటకంటె దానిని నేయు యంత్రమును, అంతకంటె ఆ యంత్రమును తయారుచేయు యంత్రమును సంపాదించుట మేలని ఆయన వాదము. మొదట కొన్నియేండ్లు ప్రజలు ఓర్చుకొనవలెను. పిమ్మట సమస్తమును వేగముగా పెరుగును. అందులకు మూలము ఉక్కు. భిలాయి, రూర్కెలా, దుర్గాపురములందు ఉక్కు కర్మాగారములు వెలసెను. ఒక్కొక్కదాని నిర్మాణమునకు వరుసగా రష్యా, పశ్చిమ జర్మనీ, బ్రిటను తోడ్పడెను.

ఎదురు చెప్పినవారును లేకపోలేదు. బొంబాయి విశ్వవిద్యాలయ ఆచార్యులు వకీలు, బ్రహ్మానందగార్లు పనివానికి ముందు కూడు, గుడ్డ సమకూర్చవలెననిరి. కడుపు నిండనివాడు యంత్రము నెట్లు నడుపును? 1955లో ప్రభుత్వము నియమించిన అర్థశాస్త్రజ్ఞుల సంఘమున బి. ఆర్. షెనాయ్ ఒక్కడే అసమ్మతి పత్రము వ్రాసెను. ప్రణాళిక ప్రజల పొదుపునకు మించినదనియు, నోట్లు ముద్రించి లోటు పూడ్చినచో ధరలు పెరుగుననియు ఆయన హెచ్చరించెను. అందరును ఔనన్న చోట ఒక్కడు కాదని సంతకము చేయుట సామాన్యము కాదు. ఆ మాట నాడు చెల్లలేదు.

1957 నాటికే విదేశ మారకద్రవ్యపు నిల్వలు తరిగిపోయెను. అమెరికా గోధుమలు ఓడలలో రాసాగెను. 1965, 1966 సంవత్సరముల అనావృష్టితో ధాన్యపు ప్రశ్న మరల ముందుకు వచ్చి, ప్రభుత్వపు దృష్టి మేలురకపు విత్తనములపైకి, ఎరువులపైకి మరలెను. అట్లని ఉక్కు వ్యర్థమాయెననుట న్యాయము కాదు. భిలాయిలో చేసిన పట్టాలపైన దేశమున ఎన్నో రైళ్లు నడచుచున్నవి.

మహలనోబిస్ చేసిన పని మరియొకటి కలదు. 1950లో ఆయన ప్రోద్బలమున జాతీయ నమూనా పరిశీలన ఆరంభమయ్యెను. పరిశీలకులు కొన్ని గ్రామములను, కొన్ని ఇండ్లను ఎన్నుకొని, ఇంటివారేమి తినిరో, ఎంత వెచ్చించిరో అడిగి వ్రాసికొనిరి. 1971లో దండేకర్, రథ్ అను పండితులు ఆ లెక్కలనే తీసికొని, రెండవ ప్రణాళిక కడపటి సంవత్సరమైన 1960-61లో గ్రామీణులలో సుమారు 40 శాతము మందికి చాలినంత తిండి లేదని తేల్చిరి.