గింజల ఖర్చును దాటేసిన టీ, టిఫిన్

పల్లెటూరి ఇంటి ఖర్చును వంద రూపాయలనుకుంటే, 1999-2000లో అందులో 22 రూపాయలు బియ్యం, గోధుమలు, జొన్నల వంటి ధాన్యానికే పోయేవి. 2023-24కి అది 5 రూపాయలైంది. ఇవి జాతీయ నమూనా సర్వే చెప్పే దేశ సగటు లెక్కలు. అదే కాలంలో టీ, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, హోటల్ టిఫిన్లు, భోజనాలు కలిపిన పద్దు 4 రూపాయల నుంచి దాదాపు 10కి ఎగబాకింది. ఇంట్లో వండే గింజలకు పెట్టేదానికి ఇది రెట్టింపు. సర్వే పద్ధతి మధ్యలో మారింది కాబట్టి దశాంశాల దగ్గర పట్టుబట్టకూడదు గానీ, ఇంత పెద్ద మార్పు పద్ధతి వల్ల వచ్చేది కాదు.

రాబడి పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లోనే గమనించాడు. ఈ పాతికేళ్లలో మన దేశపు పల్లెల్లో ఆ వాటా 59 శాతం నుంచి 47కి, పట్టణాల్లో 48 నుంచి 40కి దిగింది.

అయితే ధాన్యం పద్దు ఇంతగా పడిపోవడాన్ని ఒక్క సంపాదన ఖాతాలోనే రాయడం తప్పు. రేషన్ బియ్యం సంగతి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయలకే ఇచ్చింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఉచితంగానే ఇస్తోంది. ఉచితంగా వచ్చిన బియ్యానికి సర్వే ప్రధాన లెక్కలో విలువ కట్టరు. ఆ 5 రూపాయల్లో ఉచిత బియ్యం లేదు కాబట్టి, అది తిన్న అన్నానికి కొలత కాదు.

2023-24లో దేశం మొత్తం మీద పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 4,122 రూపాయలు. తెలంగాణ పల్లెల్లో 5,435, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 5,327. మనం సగటుకు పైనే ఉన్నామని సంబరపడే ముందు ఇంకో అంకె చూడాలి: దేశంలో పల్లెల అట్టడుగు 5 శాతం మంది సగటు ఖర్చు 1,677 రూపాయలే. వాళ్లకు ఉచిత బియ్యం ఆగితే పిల్లల పాలకో, మందులకో పెట్టే డబ్బు మళ్లీ గింజలకే పోతుంది.

ధర కాస్త పెరిగినా వాళ్ల మీద పడే బరువు ఎక్కువ. 2022-23లో 46.4 శాతం ఉన్న పల్లెల తిండి వాటా మరుసటి ఏడాది 47కి పెరిగింది. ఆ పెరుగుదల దాదాపుగా కూరగాయల పద్దుదే: 5.4 నుంచి 6కి.