ఖాళీ స్థలంలో కూర పాదు... ఇంటి అప్పుకు కాస్త ఊరట

రాజమహేంద్రవరం: నగరం చుట్టూ బొమ్మూరు, హుకుంపేట, కాతేరు వైపు ఒకప్పటి చేలలోనూ, మెట్ట భూముల్లోనూ లేఅవుట్లు వెలిశాయి. ఏ వీధి చూసినా సగం ఇళ్ళు, సగం ఖాళీ స్థలాలు. ఇల్లు కట్టుకున్నవారిలో ఎక్కువమంది చిన్న జీతగాళ్ళే. బస్సు కండక్టర్లు, ప్రైవేటు స్కూలు మాష్టార్లు, కొట్లలో గుమాస్తాలు, కుట్టుపని చేసుకునే ఆడవారు. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉంటాయి. పక్క ఖాళీ స్థలం ఎక్కడో హైదరాబాదులోనో, విదేశంలోనో ఉన్నవారిది. ఆ స్థలంలో తుమ్మ కంప, పిచ్చి మొక్కలు పెరిగి పాములకు నెలవు అవుతున్నాయని మొదట శుభ్రం చేసినవారే తర్వాత నాలుగు గింజలు వేశారు. ఇప్పుడు అక్కడ బీర పందిళ్ళు, ఆనప పాదులు, గోంగూర మడులు కనిపిస్తున్నాయి.

సరదాకు పెంచే తోటలు కావివి. నెలకు ఇంత అని బ్యాంకుకు కట్టే వాయిదాకు, ఈ మడులకు దగ్గర సంబంధం ఉంది. ఆ సంబంధం తెలిసి నడుచుకుంటున్న ఇళ్ళు కొన్ని. తెలియక కూరలు కోసుకుని ఊరుకుంటున్న ఇళ్ళు ఎక్కువ.

ముందు వడ్డీ, తర్వాతే అసలు

ఇంటి అప్పు తీసుకున్నవారిలో చాలామందికి వాయిదా ఎంతో తెలుసు. అందులో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది తెలియదు. ఉదాహరణకు 10 లక్షల రూపాయలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ. 8,997 పడుతుంది. మొదటి నెల కట్టిన దాంట్లో రూ. 7,500 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది రూ. 1,497 మాత్రమే.

ఐదేళ్ళు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే బ్యాంకుకు చేరేది సుమారు 5 లక్షల 40 వేలు. అప్పటికి అసలులో తగ్గేది సుమారు లక్షా 13 వేలు. ఇంకా 8 లక్షల 87 వేలు బాకీ ఉన్నట్లు పుస్తకంలో కనబడేసరికి గుండె జారుతుంది. బ్యాంకువారు మోసం చేశారేమోనని అనుమానించేవారూ ఉన్నారు. మోసమేమీ లేదు. మిగిలిన బాకీ మీద వడ్డీ ముందుగా తీసుకుని, ఆ తర్వాతే అసలు తగ్గించడం వాయిదాల పద్ధతి. వాయిదాలో వడ్డీ, అసలు సగం సగం అయ్యేసరికి 12 ఏళ్ళు దాటుతాయి.

జీతం ఒకటో తేదీన పడుతుంది. అయిదో తేదీ ప్రాంతంలో వాయిదా దానంతట అదే ఖాతాలోంచి పోతుంది. ఆ రోజుకు ఖాతాలో డబ్బు లేకపోతే అపరాధ రుసుము పడుతుంది. మళ్ళీ అప్పు కావాలంటే పాత లెక్క అడ్డొస్తుంది. అందుకే ఈ ఇళ్ళలో నెల మొదటి వారం పాలవాడికి, కిరాణా కొట్టుకు చెప్పే మాట ఒకటే. వాయిదా పోయాక మిగిలింది చూసి ఇస్తామని. అన్నిటికన్నా ముందు కోత పడేది కూరల ఖర్చుకే. ఇరవయ్యో తేదీ దాటాక పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే ఇళ్ళు లేకపోలేదు.

తెల్లవారక ముందే నీళ్ళు

ఖాళీ స్థలంలో మడి చేయడం అనుకున్నంత సులువు కాదు. లేఅవుటు మెరక చేయడానికి తోలిన ఎర్రమట్టిలో రాళ్ళు, ఇటుక ముక్కలు ఉంటాయి. వాటిని ఏరి, జానెడు లోతు తవ్వి, పశువుల ఎరువు కలిపితే గాని గింజ మొలవదు. కండక్టరుగా చేసే ఒకాయన తెల్లవారుజాము డ్యూటీ ఉన్న రోజున చీకటితోనే బొంగులు పాతి, మిగతా పని ఇల్లాలికి వదిలి బస్సెక్కుతారు. ఆమె కుట్టు మిషను దగ్గర కూర్చోకముందే మొక్కలకు నీళ్ళు పోయాలి.

నీటికి పెద్ద చిక్కు. కుళాయి వచ్చేది కొద్దిసేపే. తాగడానికి పట్టుకోగా మిగిలితేనే మొక్కలకు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు బకెట్లో పోసి ఉంచి సాయంత్రం పాదులకు పోస్తారు. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూర మడికి వెళ్ళకుండా చూసుకుంటారు. ఎండాకాలంలో పాదు చుట్టూ ఎండుటాకులు, గడ్డి కప్పితే ఒక పూట నీళ్ళు కలిసివస్తాయి.

పందిరికి కొత్త సరుకేమీ కొనరు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సర్వి బాదులు, కరెంటు పనిలో మిగిలిన తీగ, పాత చీరల పీలికలు చాలు. పశువులు, పందులు తొక్కకుండా చుట్టూ ముళ్ళకంప కడతారు. వీధిలో ఎవరింటికి చుట్టాలు వచ్చినా ముందు చూసేది పక్కింటి పాదు వైపే. అడిగితే ఇవ్వడం, అడగకపోయినా నాలుగు కాయలు పంపడం ఇక్కడ మామూలు. ఒక ఇంటి గోంగూర మరో ఇంటి దొండకాయలకు మారకం. పిన్నిగారికి పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు.

ఏ కాలానికి ఏ పాదు

తొలకరి పడ్డాక జూన్, జూలైలలో బెండ, బీర, ఆనప, కాకర గింజలు వేస్తున్నారు. బెండ నలభై అయిదు రోజులకు కాపుకు వస్తుంది. పందిరి చిక్కుడు జూలై, ఆగస్టులలో పెడితే పగటి పొద్దు తగ్గాక పూత పట్టి సంక్రాంతి రోజుల్లో విరగ కాస్తుంది. చలికాలానికి వంగ, టమాటా నారు వేస్తారు. నారు పోసుకునే తీరిక లేనివారు కడియం, కడియపులంక నర్సరీల వైపు వెళ్ళినప్పుడు తెచ్చుకుంటారు. తోటకూర, పాలకూర నెల లోపు చేతికి వస్తాయి గనుక పది పదిహేను రోజులకొక మడి చొప్పున చల్లితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకుకూర కొనే పని ఉండదు. దొండ తీగ ముక్క ఒకసారి నాటుకుంటే కొన్నేళ్ళు కాస్తుంది.

నష్టాలూ ఉన్నాయి. బెండకు తెల్లదోమ వల్ల పల్లాకు తెగులు వస్తే ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారిపోతాయి. అలాంటి మొక్కను పీకి పారేయడమే మందు. చిక్కుడుకు పేనుబంక పడితే బూడిద చల్లడం, వేప గింజల కషాయం కొట్టడం చేస్తున్నారు. కాకర, బీర పిందెలను పండు ఈగ పొడిస్తే లోపల పురుగు పడుతుంది. రాలిన కాయలు ఏరి లోతుగా పూడ్చాలి. గోదావరి జిల్లాల వానాకాలంలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి పాదు మొత్తం పోతుంది. మడి ఎత్తుగా చేసుకున్నవారిదే దక్కుతుంది.

500 రూపాయల లెక్క

ఇంత కష్టపడితే మిగిలేది ఎంత? నలుగురున్న ఇంట్లో వారానికి 120 రూపాయల పైచిలుకు కూరలు బజారులో కొనకుండా గడిచినా నెలకు 500 రూపాయలు మిగిలినట్టే. ఈ సొమ్ము చేతిలో ఉంటే ఏదో ఒక ఖర్చుకు పోతుంది. చాలా ఇళ్ళలో జరుగుతున్నది అదే.

అదే 500 నెలనెలా వాయిదాతో పాటు అసలుకు జమ కడితే లెక్క వేరు. పైన చెప్పిన 10 లక్షల అప్పు మొదటి నెల నుంచి ఇలా కడుతూ వస్తే, వడ్డీ రేటు మారకపోతే, 240 నెలలకు తీరవలసింది 209 నెలలకే తీరిపోతుంది. రెండున్నర ఏళ్ళకు పైగా ముందు. మొత్తం మీద సుమారు లక్షా 77 వేల రూపాయలు మిగులుతాయి. ఎంత ముందుగా మొదలుపెడితే అంత లాభం. చివరి ఏళ్ళలో కడితే అంత కలిసిరాదు, ఎందుకంటే అప్పటికి వడ్డీ చాలా భాగం బ్యాంకుకు చేరిపోయి ఉంటుంది.

మారే వడ్డీ రేటు మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చే వ్యక్తుల దగ్గర బ్యాంకులు అపరాధం వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. అయితే కట్టేటప్పుడు ఈ సొమ్ము అసలుకు జమ చేయాలని, గడువు తగ్గించాలని రాసి ఇవ్వడం మంచిది. చిన్న మొత్తం నెలనెలా తీసుకోవడానికి వీలు లేదంటే ఆరు నెలలకొకసారి 3,000 కట్టవచ్చు. మొదటి రోజుల్లో ఇంతే మొత్తం కట్టినా రెండు వాయిదాలు కడితే తగ్గేంత అసలు తగ్గుతుంది.

వడ్డీ పెరిగితే గడువు సాగుతుంది

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఆ రోజుల్లో చాలామందికి నెల వాయిదా మారలేదు. వడ్డీ పెరగలేదనే అనుకున్నారు. పెరిగింది గడువు. ఉదాహరణకు 9 శాతం ఉన్న అప్పు ఆరంభంలోనే 10 శాతమైతే, వాయిదా అంతే ఉంచితే, 240 నెలలు కాస్తా 314 నెలలవుతాయి. ఆరేళ్ళు ఎక్కువ. యాభై అయిదో ఏట తీరుతుందనుకున్న అప్పు ఉద్యోగం పోయాక కూడా వెంటాడుతుంది.

ఇలా వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, కొంత అసలు కట్టాలా అన్నది అప్పు తీసుకున్నవారే ఎంచుకునే వీలు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వులిచ్చింది. 2025లో రేట్లు తగ్గుతూ వచ్చాయి. తగ్గినప్పుడు వాయిదా తగ్గించుకోకుండా పాత మొత్తమే కట్టేవారికి గడువు తగ్గుతుంది. ఏడాదికొకసారి బ్యాంకుకు వెళ్ళి ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో కాగితం మీద తీసుకోవాలి.

స్థలం గలవారు వస్తే...

ఈ మడులకు ఉన్న అసలు బెంగ వేరు. స్థలం తమది కాదు. ఇంగ్లాండులో కూరగాయల మడి కావాలన్నవారికి స్థానిక సంస్థలే చిన్న ముక్కలు అద్దెకు ఇచ్చే ఏర్పాటును 1908 నాటి చట్టం నిలబెట్టింది. ఇక్కడ నోటి మాటే పట్టా. ఒక రోజు స్థలం గలవారు కొలతల వాళ్ళతో వచ్చి ముగ్గు పోస్తే, కాయ మీదున్న పాదును కూడా పీకెయ్యక తప్పదు.

స్థలం గలవారి భయం వారిది. ఎవరైనా 12 ఏళ్ళు అనుభవిస్తే స్థలం పోతుందని విని కంచె కట్టనివ్వరు, మునగ కొమ్మ నాటనివ్వరు. అయితే యజమాని అనుమతితో ఉన్న అనుభవం ఎన్నేళ్ళయినా హక్కుగా మారదని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. ఎవరి అనుమతితో, ఏ మొక్కలు వేసుకుంటున్నారో, అడిగిన నెలలో ఖాళీ చేస్తామని తెల్లకాగితం మీద రాసి ఇస్తే ఇద్దరికీ నిశ్చింత. ఇలా రాసి ఇచ్చిన చోట్ల స్థలం గలవారే పిచ్చి మొక్కల బెడద తప్పిందని సంతోషిస్తున్నారు. ఇచ్చినవారు కూడా కొబ్బరి, మామిడి జోలికి పోకుండా ఒక కాలంలో ముగిసే పాదులే వేస్తున్నారు. ఇంటి వాకిట్లో తమ సొంత జాగాలో మాత్రం కరివేపాకు, మునగ పెట్టుకుంటున్నారు.

కాగితాలు చేతికొస్తేనే ఇల్లు సొంతం

ఆఖరి వాయిదా కట్టాక పని అయిపోయిందనుకోవడం పొరపాటు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల లోపు అసలు దస్తావేజులన్నీ తిరిగి ఇవ్వాలని, తన తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు బ్యాంకు పరిహారంగా చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. బాకీ లేదన్న పత్రం, అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు లెక్క చూసుకుని తీసుకోవాలి. తాకట్టు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదై ఉంటే దాన్ని రద్దు చేయించి, ఈసీ తీయించి చూసుకోవాలి. అందులో బ్యాంకు పేరు నిలిచిపోతే రేపు పిల్లల పెళ్ళికో, చదువుకో ఇల్లు అమ్మబోయినప్పుడు చిక్కు తప్పదు.

అప్పు ఇచ్చేటప్పుడు ఎన్ని సంతకాలు పెట్టించారో లెక్క ఉండదు గాని, తీరేటప్పుడు అడిగి తీసుకోవలసిన కాగితాలు నాలుగే. వాటి కోసం ఒక పూట పని మానుకున్నా ఫర్వాలేదు. మడికి నీళ్ళు సాయంత్రం పోసుకోవచ్చు.