ప్రత్యర్థి రాని గోదా

మహాభారతము చదివిన ప్రతి విద్యార్థికిని కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టము జ్ఞప్తియందుండును. అర్జునుడు తన నేర్పునంతయు చూపి సభవారి మెప్పు పొందుచున్న వేళ కర్ణుడు రంగమునకు వచ్చెను. అర్జునుడు చేసినదెల్ల తానును చేసి చూపెను. ద్వంద్వయుద్ధమునకు నిలువుమనెను. అప్పుడు కృపాచార్యుడు అతని విలువిద్యను గూర్చి ప్రశ్నింపలేదు; కులమును గూర్చి ప్రశ్నించెను. కర్ణుని తల వంగెను. దుర్యోధనుడు అక్కడికక్కడే అతనిని అంగరాజ్యమునకు అభిషిక్తుని చేసెను. కిరీటము వచ్చినది గాని యుద్ధము జరుగలేదు. ఇంతలో ప్రొద్దు గ్రుంకెను. ఆనాడు తేలవలసిన సంగతి కురుక్షేత్రమున గాని తేలలేదు.

ఇట్టి ఘట్టమే 1910వ సంవత్సరమున లండను మహానగరమున జరిగినది. అక్కడ అడిగినది కులము కాదు, ఎత్తు. అచ్చటను పట్టము కట్టుట జరిగినది, పోరు మాత్రము తెగలేదు. ఆ సంగతి తేలుటకు పదునెనిమిది సంవత్సరములు పట్టినది. ఆ కథకు నాయకుడు గామా పహిల్వాను. ప్రతినాయకుడు పోలండు దేశపు మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కో. అతనిని ప్రతినాయకుడని పిలుచుట న్యాయమగునో కాదో కథాంతమున పాఠకులే నిర్ణయింపగలరు.

గోదా వాకిట

గామా అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878లో పంజాబు దేశమున, తరతరములుగా కుస్తీయే వృత్తిగా గల కుటుంబమునందు జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించగా, తాతయు, పిదప మామయు అతనిని తాలింఖానాలో పెంచిరి. పదేండ్ల బాలుడై యుండగా జోధపురములో జరిగిన బస్కీల పోటీలో, నాలుగువందలకు పైబడిన పహిల్వానుల నడుమ, కడదాక నిలిచిన పదునైదుగురిలో ఒకడై మహారాజు మెప్పు పొందెనని చెప్పుదురు. అటుపిమ్మట దతియా సంస్థానాధీశుని ఆదరణ లభించెను. వేలకొలది దండీలు, బస్కీలు, తెల్లవారకమున్నే గోదామట్టిని తవ్వుట, దినమునకు పదులకొలది జోడీలతో పట్లు పట్టుట, ఇదియే అతని చదువు.

ఆనాడు హిందూదేశపు మల్లులలో అగ్రగణ్యుడు రహీం బక్ష్ సుల్తానీవాలా. అతడు దాదాపు ఏడడుగుల మనిషి. గామా ఎత్తు అయిదడుగుల ఏడంగుళములకు మించి ఒక అంగుళమో లేదో. ఈ పొట్టివాడు ఆ దీర్ఘకాయునితో గోదాలో దిగి, ఓడక, గెలువక, సమముగా నిలిచినప్పుడే అతని పేరు దేశమంతట ప్రాకినది.

1910లో ఒక బెంగాలీ ధనికుని పోషణమున, బెంజమిన్ అను ఇంగ్లీషు నిర్వాహకుని వెంట, గామాయు అతని తమ్ముడు ఇమాం బక్షును మరి కొందరు మల్లులును లండను చేరిరి. అప్పటి పాశ్చాత్య కుస్తీ స్థితిని కొంత తెలిసికొననిచో తరువాతి కథ బోధపడదు. నేడు ఒలింపిక్ క్రీడలకు ఒక అంతర్జాతీయ సంఘమున్నట్లు ఆనాటి వృత్తికుస్తీకి సర్వసమ్మతమైన అధికారసంస్థ ఏదియు లేదు. వినోదశాలల యజమానులు, పత్రికాధిపతులు, నిర్వాహకులు ఎవరికి వారే పోటీలు ఏర్పరచి, ఎవరికి వారే జగజ్జెట్టిని ప్రకటించుచుండిరి. 1908లో చికాగో నగరమున జార్జి హాకెన్‌ష్మిట్‌ను ఓడించిన ఫ్రాంక్ గాచ్‌ను అమెరికావారు జగజ్జెట్టిగా కొలుచుచుండిరి. లండనులో మరియొక పోటీ, మరియొక పట్టము. దానికి బహుమానము "జాన్ బుల్" బెల్టు. జాన్ బుల్ అనునది ఒక వారపత్రిక పేరు.

గామా ఆ పోటీలో చేరగోరెను. పొట్టివాడను కారణమున నిర్వాహకులు చేర్చుకొనలేదని ఆ కాలపు వృత్తాంతము. ఏడడుగుల రహీం బక్ష్ పడవేయలేకపోయిన మనిషిని ఒక కొలబద్ద పడవేసినది!

అంతట గామా పక్షమున ఒక సవాలు వెలువడెను. ఎంతటి బరువుగల వారినైనను సరే, ముగ్గురు మల్లులను అరగంటలోపల పడవేయుదునని దాని సారాంశమట. మొదట ఎవ్వరును నమ్మలేదు. ఇది జనమును ఆకర్షించు ఎత్తుగడ యనుకొనిరి. చివరకు బెంజమిన్ రోలర్ అను అమెరికా మల్లుడు ముందుకు వచ్చెను. అతడు వైద్యవిద్య చదివినవాడు, మేటి బలశాలి. ఆగస్టు మాసమున జరిగిన ఆ పోరులో గామా అతనిని మొదటిసారి రెండు నిమిషములలోపల, రెండవసారి పది నిమిషములలోపల పడవేసెను. తమ్ముడు ఇమాం బక్ష్ స్విట్జర్లాండు మల్లుడు జాన్ లెమ్‌ను కొద్ది నిమిషములలోనే గెలిచెను. ఇక తలుపు తెరువక తప్పలేదు. బెల్టు కొరకు గామాతో తలపడుటకు జిబిస్కో అంగీకరించెను.

రెండున్నర గంటల పట్టు

1910 సెప్టెంబరు 10వ తేది, శనివారము. లండనులోని షెపర్డ్స్ బుష్ ప్రాంతమున, రెండేండ్లకు ముందు ఒలింపిక్ క్రీడలకై కట్టిన విశాలమైన స్టేడియము. ఇద్దరి ఎత్తును ఇంచుమించు ఒక్కటియే. కాని జిబిస్కో బరువు గామా బరువుకంటె ఏబది పౌన్ల వరకు ఎక్కువ. మెత్తని గోదామట్టికి అలవాటు పడిన కాళ్లు చాపపై నిలువవలసి వచ్చినది. రెండు భుజములును ఒక్కమారు క్రిందికి తాకించినగాని గెలుపు లేదు.

పోరు మొదలైన కొద్ది క్షణములకే గామా జిబిస్కోను క్రిందికి తెచ్చెను. అంతటితో జిబిస్కోకు ఎదుటివాని బలము తెలిసిపోయెను. అతడు లేచి పోరాడుట మాని, చేతులు మోకాళ్లు చాపపై ఊని, తాబేలు డిప్పలోనికి ముడుచుకొనినట్లు ముడుచుకొని పోయెను. గామా మెడ పట్టెను, నడుము పట్టెను, కాలు లాగెను, పైనుండి త్రిప్పజూచెను. ఆ బరువు కదలదు, ఆ వీపు తిరుగదు. గంట గడచెను. రెండు గంటలు గడచెను. చూడవచ్చిన వారికి విసుగు పుట్టెను. రెండున్నర గంటలకు మించిన పిమ్మట పోరు నిలిపివేసి, వచ్చు శనివారమునాడు మరల జరుపవలెనని నిర్ణయించిరి.

జిబిస్కోను పత్రికలవారు తీవ్రముగా నిందించిరి. అయినను న్యాయముగా ఆలోచింపవలసి యున్నది. ముడుచుకొని పండుకొనరాదను నిబంధన ఆనాటి పోరున లేదు. తనకంటె మేటియైన వానిని రెండున్నర గంటలపాటు గెలువనీయకుండుట కూడ ఒక విద్యయే. కాని అది ఓటమిని వాయిదా వేయగల విద్య. గెలుపును తేగల విద్య కాదు.

సెప్టెంబరు 17వ తేది వచ్చెను. గామా గోదాలోనికి వచ్చి నిలిచెను. ఎదుటి మూల ఖాళీగా ఉండెను. పిలిచిరి, వేచిరి, జిబిస్కో రాలేదు. అంతట గామాయే విజేత యని ప్రకటించి, జాన్ బుల్ బెల్టును, 250 పౌండ్ల పందెపు సొమ్మును అతనికి ఇచ్చిరి. లోకమునకు ఒక నూతన జగజ్జెట్టి ఏర్పడెను.

ఎట్లేర్పడెను? రోలర్‌ను నిమిషముల మీద పడవేసిన దినమున బెల్టు లేదు. రెండున్నర గంటలు చెమటోడ్చిన దినమున బెల్టు లేదు. ఎవ్వరును ఎదుర్కొననట్టి దినమున బెల్టు వచ్చినది. పట్టమునకు చేయవలసిన పనియంతయు చేసియున్నవానికి పట్టము మాత్రము పని లేనినాడు చేతికందినది. అందుచేతనే కాబోలు, ఆ బెల్టు గామాకు తృప్తి నీయలేదు. గాచ్‌ను పిలిచెను, రాలేదు. హాకెన్‌ష్మిట్‌తో పోరును కుదురలేదు. స్వదేశమునకు మరలివచ్చి, అలహాబాదులో రహీం బక్ష్‌ను మరల ఎదుర్కొని ఓడించి రుస్తుం-ఎ-హింద్ అనిపించుకొనెను. పాత బాకీ ఒకటి తీరినది. రెండవది మిగిలియుండెను.

బెల్టు ఇచ్చినవారు

బెల్టు నిచ్చిన జాన్ బుల్ పత్రికాధిపతి హొరేషియో బాటమ్లీ పార్లమెంటు సభ్యుడు, గొప్ప వక్త. అట్టివాడే 1922లో ప్రజలను మోసగించి ధనమపహరించినాడని ఋజువై ఏడేండ్ల శిక్ష పొందెను. గామాను సత్యమైన మల్లుడు కాదని ఇందువలన ఎవ్వరును అనలేదు. బెల్టు విలువ ఇచ్చినవానిని బట్టి ఏర్పడలేదు. పుచ్చుకొనినవానిని బట్టి ఏర్పడినది. పట్టములను గూర్చి ఇంతకు మించిన పాఠము వెదకనక్కరలేదు.

తరువాతి కాలమున వృత్తికుస్తీ మరియొక త్రోవ పట్టినది. గంటలకొలది కదలని పోరును చూచుటకు జనము సొమ్ము చెల్లింపరని నిర్వాహకులు గ్రహించిరి. అమెరికాలో గెలుపోటములను ముందుగా నిర్ణయించి, పోరును నాటకమువలె నడపుట సామాన్యమయ్యెను. 1925 ఆరంభమున వేయిన్ మన్ అను ఫుట్‌బాలు ఆటగాని చేత ఎడ్ లూయిస్ అను ప్రసిద్ధ మల్లుని ఓడింపజేసి, అతనిని జగజ్జెట్టి యనిరి. మన్ ఆజానుబాహుడు, చూపరులను ఆకర్షించువాడు. కుస్తీపట్లు మాత్రము అంతగా ఎరుగడు. అతని కీర్తి పెంచుటకై అతనిచేత ఓడిపోవుటకు ఒక వృద్ధమల్లుని కుదుర్చుకొనిరి. ఆ వృద్ధమల్లుడు మరెవ్వరో కాదు, జిబిస్కోయే!

ఏప్రిలు 15వ తేదీన ఫిలడెల్ఫియాలో జిబిస్కో ఒప్పందమును ప్రక్కకు నెట్టి నిజముగా పోరాడెను. మన్ నిలువలేకపోయెను. మాటిమాటికి అతని భుజములు చాపకు తాకుచుండగా, వేలమంది కన్నులార చూచుచుండగా, న్యాయనిర్ణేతకు వేరు దారి లేకపోయినది. జిబిస్కో జగజ్జెట్టి యయ్యెను. ఇందును బేరము లేకపోలేదు. పోటీపక్షపు నిర్వాహకులతో అతడు ముందే కలిసికొనియుండెను. మరుసటి మాసముననే ఆ పక్షపు మల్లుడు జో స్టెచర్ చేతిలో ఓడి ఆ పట్టమును వదలుకొనెను. ఒకనాడు రావలసిన గోదాకు రానివాడు, మరియొకనాడు ఓడవలసిన గోదాలో గెలిచెను. అయినను ఆ సాయంకాలము ఒక నిజము వెల్లడియైనది. విద్య లేనివానికి ఎవరెంత పట్టము కట్టినను, విద్యగలవాడు ఎదుట నిలిచినంతసేపే దాని ఆయువు.

ఈ త్రోవ ఎంతదూరము పోయినదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1979లో అమెరికాలోని ఒక పెద్ద కుస్తీసంస్థ, ఖండాంతర ఛాంపియను పదవిని క్రొత్తగా కల్పించి, బ్రెజిలు దేశపు రియో డి జనీరో నగరమున జరిగిన టోర్నమెంటులో పాట్ ప్యాటర్సన్ అను మల్లుడు దానిని గెలిచినాడని ప్రకటించెను. అట్టి టోర్నమెంటు ఎన్నడును జరుగలేదు. లండనులో గోదా ఉన్నది, ప్రత్యర్థి లేడు. రియోలో గోదాయే లేదు! వినోదమును వినోదముగా చూచువారికి ఇందు తప్పు కానరాదు. ప్యాటర్సన్ నేర్పరియైన మల్లుడే. కాని పట్టమునకును పోరునకును గల సంబంధము ఎంత సన్నని దారమో, అది తెగినను పట్టము ఎట్లు నిలిచియుండునో దీనివలన తెలియును.

పటియాలా

1928 జనవరి. పటియాలా మహారాజు భూపేంద్రసింగు గామాకును జిబిస్కోకును మరల పోరు ఏర్పాటు చేసెను. అందుకై ప్రత్యేకముగా గోదా నిర్మించిరి. వేలకొలది జనము దూరదేశములనుండి తరలివచ్చిరి. గామాకు ఏబదియేండ్లు కావచ్చుచుండెను. జిబిస్కోయు అతనికంటె ఎక్కువ చిన్నవాడు కాడు. ఈసారి చాప లేదు, గోదామట్టి కలదు.

పదునెనిమిదేండ్లనాడు రెండున్నర గంటలు తెగనిది ఈనాడు ఒక్క నిమిషమైనను పట్టలేదు. చేయి కలిపిన కొన్ని క్షణములలోనే జిబిస్కో వెల్లకిల పడెను. జనసముద్రము ఘోషించెను. లండను ప్రకటించిన జగజ్జెట్టి పటియాలాలో నిజముగా జగజ్జెట్టి యయ్యెను.

ఈ కథలో గామా గెలుపు నందరును చెప్పుకొందురు. జిబిస్కో రాకను గూర్చి చెప్పుకొనువారు తక్కువ. అతడు రాకుండినను అడుగువారు లేరు. 1910 నాటి సంగతిని లోకము చాలవరకు మరచినది. అతడు ఆపైని రెండు పర్యాయములు అమెరికాలో జగజ్జెట్టి పదవి నందియుండెను. సముద్రములు దాటి, పరదేశపు మట్టిలో, పరదేశపు జనము నడుమ, ఓటమి దాదాపు నిశ్చయమైన పోరునకు నలుబదియెనిమిదేండ్ల ప్రాయమున వచ్చి నిలిచెను. అందుకు ప్రతిఫలము ముట్టియుండవచ్చును. అయినను ఆనాటి శనివారము ఖాళీగా మిగిలిన ఆ మూలను నింపినవాడు అతడే. అతడు రానిదే గామా గెలుపు పూర్తి కాదు. కర్ణుడు కురుక్షేత్రమునకు రానిచో అర్జునుని విలువిద్యకు కొలత యెక్కడిది?

గామా 1960లో లాహోరు నగరమున గతించెను. జిబిస్కో 1967లో అమెరికాలో మరణించెను. పాఠశాలలలో ప్రతియేటను పోటీలు జరుగుచుండును. ఎదుటి జట్టు రానందున బహుమానము పొందిన బాలుడు దానిని ఇంటికి తీసికొనిపోయి తల్లికి చూపునప్పుడు, "ఎవరిని గెలిచితివి నాయనా?" అని ఆమె అడిగిన, ఒక్క క్షణము తడబడును. ఆ తడబాటు సిగ్గుపడదగినది కాదు. దానిని పోగొట్టుకొననివాడే గామావలె పదునెనిమిదేండ్లయినను ఎదుటివాని కొరకు వేచియుండగలడు.