ముసురు పట్టకముందే ముడుపు: నెల్లూరు తీరంలో చలికాలం – అపోహలు, వాస్తవాలు

కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో సముద్రాన్ని నమ్ముకుని బతికే ఇళ్లకు ఏడాదిలో గడ్డుకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే పడవలు ఒడ్డెక్కుతాయి, పొలం పని నిలిచిపోతుంది, ఉప్పు మడుల్లో వాననీరు నిలుస్తుంది. రాబడి లేని ఆ రోజుల్లోనే ఇల్లు కారుతుంది, పిల్లలకు జ్వరాలొస్తాయి, కూరగాయల ధర కొండెక్కుతుంది. చేతిలో డబ్బు లేక చేసిన అప్పు సంక్రాంతి దాటినా తీరదు. ఈ నష్టంలో కొంత ప్రకృతి తెచ్చేదే. మిగతాది మన అపోహల వల్ల వచ్చేది. దాన్ని తప్పించుకోవడం మన చేతిలోనే ఉంది.

అపోహ: వినాయక చవితి దాటితే వానలు తగ్గినట్టే. ఇక చలికి దుప్పట్లు కొనుక్కుంటే చాలు.

వాస్తవం: రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలే పెద్ద వాన. నెల్లూరుకు మాత్రం ఈశాన్య రుతుపవనాలు ముఖ్యం. ఏడాది వర్షంలో ఎక్కువ భాగం అక్టోబరు–డిసెంబరు మధ్యే పడుతుంది. 1927 నవంబరులో నెల్లూరును తాకిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపాను ఈ కాలంలో వచ్చినవే. 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరును ముంచెత్తిన మిచౌంగ్ తుపాను కూడా అంతే. ఇక చలి సంగతి చూస్తే, జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. పసిబిడ్డలకు, పెద్దవాళ్లకు ఇంట్లో ఉన్న నూలు దుప్పటి మరొకటి కప్పితే సరిపోతుంది. స్వెటర్లకు, రగ్గులకు పెట్టే డబ్బు పైకప్పుకు పెట్టండి.

అపోహ: ఇంటి మరమ్మతు దీపావళి అయ్యాక చూసుకోవచ్చు.

వాస్తవం: అప్పటికి ఆలస్యమైపోతుంది. మిద్దె పగుళ్లకు పూసిన సిమెంటు పట్టుకునేదాకా వాన పడకూడదు. ముసురు పట్టాక మేస్త్రీ దొరకడు, టార్పాలిన్ పట్ట ధర పెరుగుతుంది. అందుకే సెప్టెంబరులో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ మిద్దెక్కండి. నీళ్లు పోయే తూముల్లో ఆకులు తీయండి. గోడ పగుళ్లలో మొలిచిన రావి, వేప మొక్కల్ని వేళ్లతో సహా పెకలించండి. ఈ పనులకు రూపాయి ఖర్చు లేదు.

రేకుల ఇల్లయితే వదులైన కొక్కేలు, తుప్పు పట్టిన బోల్టులు మార్చాలి. గాలి ముందుగా లేపేది అంచు రేకునే. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టొద్దు, విరిగి కిందపడితే ప్రాణానికే ముప్పు. తాటాకు ఇల్లయితే కొత్త ఆకు కప్పించి, పైనుంచి పాత వలను పరచి నాలుగు పక్కలా గుంజలకు బిగించి కట్టాలి. ఇంటి మీదికి వాలిన కొబ్బరి చెట్టుకు ఎండు మట్టలు, ముదిరిన కాయలు తీయించండి. ఆ కాయలు వంటకు, మట్టలు పొయ్యికి పనికొస్తాయి.

అపోహ: మన ఊళ్లో వాన లేకపోతే పెన్నా పొంగదు.

వాస్తవం: పెన్నాకు నీళ్లు ఎగువన అనంతపురం, కడప వైపు నుంచి వస్తాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు కలిసేది పెన్నాలోనే. ఆ రోజుల్లో పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి దిగిన వరద నెల్లూరు లోతట్టు కాలనీలను ముంచింది. జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కాబట్టి నది ఒడ్డున, డెల్టాలో ఉన్నవాళ్లు మన ఊరి ఆకాశంతో పాటు సోమశిల గేట్ల సమాచారాన్ని కూడా గమనించాలి. బియ్యం డబ్బా, కుట్టు మిషను, పిల్లల పుస్తకాలు అటక మీదికి చేర్చడానికి పట్టేది ఒక గంట. పట్టా కాగితాలు, బ్యాంకు పుస్తకాలు, రేషను కార్డు ఒక పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఉంచండి. వాటి ఫొటోలు ఫోనులోనూ, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గరా ఉండాలి.

అపోహ: వాయుగుండం వార్త వినగానే బజారుకు పరుగెత్తి నెల సరుకు తెచ్చేయాలి.

వాస్తవం: అందరూ ఒకేసారి కొట్టు ముందు నిలబడిన రోజే అన్నిటికన్నా ఎక్కువ ధర పెట్టి కొనే రోజు. ఆగస్టు నుంచి నెల సరుకుతో పాటు కిలో బియ్యం, పావుకిలో కందిపప్పు అదనంగా తెచ్చుకుంటే బరువు తెలియదు. అక్టోబరు నాటికి కొన్ని రోజులకు సరిపడా నిల్వ చేరుతుంది. పప్పుల్ని ఎండ ఉండగానే ఎండబెట్టి, చల్లారాక గాలి చొరని డబ్బాల్లో పోయాలి. తడితోనే పురుగు, బూజు పడతాయి.

పొయ్యి వెలిగించలేని రోజులు కూడా ఉంటాయి. అందుకని బొరుగులు, అటుకులు, వేయించిన చెనక్కాయలు, బెల్లం దగ్గర పెట్టుకోండి. గుమ్మడికాయ, కంద, ఉర్లగడ్డలు ఫ్రిజ్ లేకున్నా రోజుల తరబడి నిలుస్తాయి. ఎండలో గలగలలాడేలా ఎండిన చేపల్ని వేసవిలోనే భద్రం చేసుకున్న ఇంటికి కూర వెతుకులాట ఉండదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికను సాధారణంగా 48 గంటల ముందు, ఆ తర్వాత మరింత కచ్చితంగా 24 గంటల ముందు ఇస్తుంది. ఆ వ్యవధిలో కొనాల్సింది పాలు, మందులు, కొవ్వొత్తులు, ఫోను చార్జింగు బ్యాంకు లాంటి కొద్దివాటినే.

అపోహ: చలికాలంలో కరెంటు బిల్లు దానంతటదే తగ్గుతుంది. ఒక్క యూనిట్ శ్లాబు దాటితే మొత్తం బిల్లు పై ధరకే పడుతుంది.

వాస్తవం: ఏసీ ఆగినంత మాత్రాన సంబరపడొద్దు, దాని స్థానంలోకి గీజర్ వస్తుంది. 2000 వాట్ల గీజర్ రోజుకు అరగంట వేడెక్కితే ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు. ఇల్లు 126–225 యూనిట్ల శ్లాబులో ఉంటే యూనిట్ 6 రూపాయల లెక్కన 180 రూపాయలు, 226–400 శ్లాబులో ఉంటే 8.75 లెక్కన 262 రూపాయల 50 పైసలు. ఇతర చార్జీలు దీనికి అదనం. ఒక మనిషి స్నానానికి చాలే 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి పావు యూనిట్‌కు కాస్త ఎక్కువ చాలు. గీజర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచితే నీళ్లు చల్లారిన ప్రతిసారీ మళ్లీ కరెంటు లాగుతుంది. స్నానానికి ముందు వేసి, వెంటనే ఆపేయండి. వాన లేని పగలు నల్ల డ్రమ్ములో నీళ్లు ఎండకు పెడితే ఆ కొద్ది ఖర్చూ తప్పుతుంది.

ఇక శ్లాబు భయం పాత గ్రూపుల పద్ధతి నుంచి మిగిలింది. అప్పట్లో గ్రూపు మారితే కింది యూనిట్ల ధర కూడా మారేది. 2022 నుంచి ఇళ్లకు ఆ పద్ధతి లేదు. శ్లాబు దాటిన యూనిట్లకే పై ధర పడుతుంది.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే తాగొచ్చు. దోమలకు కాయిల్ చాలు.

వాస్తవం: వాన తర్వాత బావినీళ్లు, కుళాయి నీళ్లు తేటగా కనిపించినా అందులో మురుగు కలిసి ఉండొచ్చు. తాగే నీళ్లు తెర్లేలా మరిగించాలి. తొట్టి నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును కొద్ది నీళ్లలో కలిపి, పైకి తేరిన నీటిని మాత్రమే తొట్టిలో పోసి, గంట ఆగి వాడాలి. బురద నీళ్లయితే ముందు తేరనిచ్చి, వడకట్టాకే ఇది పనిచేస్తుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారానికి ఒకరోజు తొట్లు, పూలకుండీల పళ్లాలు, కొబ్బరి చిప్పలు బోర్లించి ఆరబెడితే దాని సంతతి తెగుతుంది. నెలనెలా కాయిళ్లకు పెట్టే డబ్బుతో ఒకసారి దోమతెర కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. ఒక జ్వరంతో ఆసుపత్రిలో చేరితే ఇల్లంతా చేసిన పొదుపు అక్కడే కరిగిపోతుంది.

అపోహ: గాలి ఒక్కసారిగా ఆగిందంటే తుపాను పోయినట్టే.

వాస్తవం: అది తుపాను కన్ను మనమీదుగా పోతున్న సమయం కావచ్చు. కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే ఉద్ధృతితో కొడుతుంది. ఎగిరిన రేకు ఏరుకుందామని, పడవ చూసొద్దామని బయటికి వెళ్లినవాళ్లు ఆ రెండో గాలికి చిక్కుకుంటారు. అధికారులు చెప్పేదాకా తుపాను షెల్టరులోనే ఉండాలి. సామాను మీద బెంగతో షెల్టరుకు వెళ్లకపోవడం ఎంతమాత్రం తగదు. ఇంటిముందు కట్టేసిన పశువుల్ని విప్పి, మెట్టకు తోలి మరీ బయల్దేరండి.

అపోహ: ఆపద వస్తే ప్రభుత్వం ఆదుకుంటుంది, మనకెందుకు బీమా, ముడుపు?

వాస్తవం: సాయం వస్తుంది, కానీ వేట ఆగిన రోజునే చేతికి రాదు. వేట నిషేధ భృతి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే నిషేధానికి సంబంధించింది. నవంబరులో హెచ్చరికల వల్ల పోయిన రోజులు ఆ లెక్కలోకి రావు. ఆ రోజుల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి 10 వేలు తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీకే పోతాయి.

రోజుకో రూపాయి దాచడం ఎంత పని చేస్తుందో ఈ జిల్లా దేశానికే చూపించింది. దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్ల ఉద్యమం తర్వాత, 1990ల తొలి ఏళ్లలో ‘పొదుపులక్ష్మి’ సంఘాలు పుట్టింది ఇక్కడే. సంఘంలో ఉన్న ప్రతి ఇల్లూ మార్చి నుంచి ఆగస్టు దాకా, వేట నిషేధం పోను రాబడి ఉన్న రోజుల్లో, ముసురు కోసం విడిగా కొంత వేసుకోవాలి. పదిహేను రోజుల తిండికి సరిపడా చేరినా వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండదు. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ప్రమాద మరణానికి 2 లక్షల రక్షణ ఉంది. ప్రకృతి వైపరీత్యంలో పోయిన ప్రాణానికీ అది వర్తిస్తుంది. అది జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తుంది కాబట్టి మే నెలాఖరున ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూడండి.

భాద్రపదంలో కప్పు, తూములు, చెట్లు. ఆశ్వయుజంలో నిల్వ సరుకు, కాగితాలు, మందులు. కార్తికంలో హెచ్చరికలు వినడం, చెప్పిన మాట ప్రకారం కదలడం. ఈ వరుసలో నడిస్తే ఇంటి ఖర్చు పెరగదు, సెప్టెంబరులో తక్కువ ధరకు అయిపోయే పని నవంబరులో అప్పుగా మారదు. తుపాను రాని ఏడు దాచిన బియ్యం వండుకోవచ్చు, ముడుపు సొమ్ము వచ్చే ఏటికి మిగులుతుంది.